కత్తి మొన ఎక్కడుంది?

మెదడు ఆపరేషన్ మొదలవబోతోంది. పేషెంటుకి మత్తిచ్చారు. తల కదలకుండా బిగించారు. చుట్టూ డాక్టర్లు, నర్సులు... అంతా సిద్ధం. కానీ సర్జన్ చేతిలో కత్తి లేదు. పెన్సిల్లాంటి సన్నటి పుల్ల ఉంది. దాని వెనకభాగాన గోళీకాయలంత బంతులు మూడో నాలుగో అమర్చి ఉన్నాయి. ఆ పుల్ల మొనని పేషెంటు ముక్కుదూలం మీద ఆనించి, తలెత్తి ఎదురుగా ఉన్న తెరవంక చూస్తారు. తెరమీద ముందురోజు తీసిన ఎమ్మారై బొమ్మ. అందులో రెండు గీతలు కలిసిన చోటు... సరిగ్గా ముక్కుదూలమే! తర్వాత కంటికొస. ఆ తర్వాత చెవి ముందుభాగం. మనిషిమీద తాకిన చోటూ బొమ్మలో కనిపించిన చోటూ ఒకటేనని నమ్మకం కుదిరాకే సర్జన్ కత్తి అందుకుంటారు.

బయట వరండాలో బెంచీమీద కూర్చున్న ఇంటివాళ్లకి ఈ తతంగమేదీ తెలీదు. ముందురోజు కాగితాలమీద సంతకం పెట్టేటప్పుడు అడిగిన ప్రశ్నే వాళ్ల మనసులో తిరుగుతుంటుంది.

'కణితి తీసేస్తారు సరే... మాట పడిపోదు కదా డాక్టరుగారూ?'

ఆ ప్రశ్నకీ ముక్కుమీద ఆనించిన పుల్లకీ చాలా దగ్గర సంబంధం ఉంది. చాలామందిలో మాటని నడిపించే కేంద్రాలు మెదడు ఎడమవైపు ఉంటాయి. చేతిని కదిలించే భాగం మరోచోట, చూపునిచ్చేది ఇంకోచోట. పైకి చూస్తే అంతా ఒకటే రంగు, ఒకటే మెత్తదనం. 'ఇక్కణ్నుంచి మాట, ఇక్కణ్నుంచి చెయ్యి' అని పొలం గట్లలాంటి హద్దులేవీ కనిపించవు. కణితి కూడా చాలాసార్లు చుట్టూ ఉన్న మంచి కణజాలంలో కలిసిపోయినట్లే ఉంటుంది. కొద్ది మిల్లీమీటర్లు తక్కువ కోస్తే జబ్బు మిగిలిపోతుంది. కొద్ది మిల్లీమీటర్లు ఎక్కువ కోస్తే మనిషి మాటో, చెయ్యో పోతుంది. అందుకే ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ సర్జన్‌కి ఒకటే సందేహం... కత్తి మొన ఇప్పుడు ఎక్కడుంది? దానికి జవాబు వెతుక్కుంటూ వైద్యులూ ఇంజినీర్లూ వందేళ్లకి పైగా చేసిన ప్రయాణమే ఈ పుల్ల, ఈ బంతులు, ఈ తెర.

సూదితో మొదలైంది

1895 నవంబరులో జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టాడు. ఆ వార్త ప్రపంచమంతా పాకిన కొద్దివారాలకే, 1896 జనవరిలో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జాన్ హాల్ ఎడ్వర్డ్స్ తన సహచరుడి చేతిలో ఉన్న సూదిని ఎక్స్‌రే తీసి చూపించాడు. మరో నెలకి, ఫిబ్రవరి 14న, ఆయన తీసిన ఎక్స్‌రే ఆధారంగా ఆపరేషన్ కూడా జరిగింది. కోయకముందే లోపలేముందో చూసి, ఆ బొమ్మని పట్టుకుని కత్తిపెట్టడం అలా మొదలైంది.

లోపల చూడగలిగినందుకు ఆయన చెల్లించిన మూల్యం మాత్రం తక్కువ కాదు. ఆ కిరణాల చెడుగుణం అప్పటికెవరికీ పూర్తిగా తెలీదు. ఏళ్లతరబడి వాటితోనే పనిచేసిన హాల్ ఎడ్వర్డ్స్ చర్మం దెబ్బతింది. 1908లో ఆయన ఎడమచేతిని తీసేయాల్సివచ్చింది.

ఎక్స్‌రేతో ఇంకో చిక్కు కూడా ఉంది. అది నీడ. గోడమీద పడ్డ నీడని చూసి మనిషి ఎంత లావో చెప్పలేనట్టే, ఎక్స్‌రేలో కనిపించిన సూది ఎంత లోతున ఉందో ఒక్క బొమ్మతో చెప్పలేం. పైగా బొమ్మ గోడకి వేలాడుతుంది, మనిషి బల్లమీద ఉంటాడు. బొమ్మలో చూసిన చోటు మనిషిలో ఎక్కడో సర్జన్ తన బుర్రలోనే లెక్కవేసుకోవాలి. చేతిలో గుచ్చుకున్న సూదికైతే ఫర్వాలేదు. మెదడు లోతుల్లోకి వెళ్లాలంటే?

తలకి చట్రం బిగించి...

లండన్‌లో విక్టర్ హార్స్‌లీ అనే సర్జనూ, రాబర్ట్ క్లార్క్ అనే శాస్త్రవేత్తా ఓ ఉపాయం ఆలోచించారు. ఓ ఇంటికి ఉత్తరం చేరాలంటే ఏం రాస్తాం? వీధి పేరు, ఇంటి నంబరు, ఎన్నో అంతస్తు. మెదడులోని ప్రతి బిందువుకీ అలాగే మూడంకెల చిరునామా ఇస్తే? ముందుకెంత, పక్కకెంత, లోతెంత. ఆ అంకెల ప్రకారం సూదిని దించే ఇత్తడి చట్రాన్ని తయారుచేసి, జంతువులమీద చేసిన ప్రయోగాల వివరాలను 1908లో ప్రచురించారు. దీన్నే స్టీరియోటాక్టిక్ పద్ధతి అంటారు.

మనుషులకి వాడటానికి మరో నలభై ఏళ్లు పట్టింది. పుర్రె గుర్తులనుబట్టి జంతువుల మెదడులో చిరునామా చెప్పొచ్చుకానీ, మనుషుల్లో ఒకరి తల ఒకరిలా ఉండదు. 1947లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎర్నెస్ట్ స్పీగెల్, హెన్రీ వైసిస్ పుర్రెని నమ్ముకోకుండా మెదడులోపలి ఖాళీలనే కొండగుర్తులుగా తీసుకున్నారు. అయితే ఆ ఖాళీలు మామూలు ఎక్స్‌రేలో కనపడవు. లోపలికి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీయాలి. ఆ పరీక్ష చేయించుకున్నవారికి భరించలేని తలనొప్పి వచ్చేది. అయినా అప్పటికి అంతకుమించిన దారిలేదు.

రెండేళ్ల తర్వాత, 1949లో స్వీడన్ వైద్యుడు లార్స్ లెక్సెల్ చట్రాన్ని మరింత తేలిక చేశాడు. సైకిలు చక్రంలో పుల్లలన్నీ ఎటునుంచి బయల్దేరినా ఇరుసు దగ్గరికే చేరతాయి కదా! ఆయన చట్రంలోనూ అంతే. అర్ధచంద్రాకారపు కమ్మీమీద సూదిని ఎక్కణ్నుంచి దించినా మొన చేరేది కేంద్రానికే. ఆ కేంద్రం జబ్బు ఉన్నచోట ఉండేట్టు చట్రాన్ని తలకి బిగిస్తే చాలు. ఇన్నేళ్లయినా లెక్సెల్ పేరుతో ఉన్న చట్రాలు ఆపరేషన్ థియేటర్లలో కనిపిస్తూనే ఉన్నాయి.

మనదేశానికీ ఈ విద్య త్వరగానే వచ్చింది. డాక్టర్ బి.రామమూర్తి 1950లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగానికి శ్రీకారం చుట్టారు. ఆయనా, డాక్టర్ వి.బాలసుబ్రమణ్యం, డాక్టర్ టి.ఎస్.కనక కలిసి స్టీరియోటాక్టిక్ ఆపరేషన్లలో మద్రాసుకి అంతర్జాతీయంగా పేరు తెచ్చారు. ఆసియాలో తొలితరం మహిళా న్యూరోసర్జన్లలో కనక ఒకరు. స్కాన్లు లేని రోజుల్లో, ఎక్స్‌రే బొమ్మలూ స్కేలూ పెన్సిలూ పట్టుకుని లెక్కలువేసి, కంటికి కనపడని చోటికి సూదిని చేర్చిన తరమది.

పాటల కంపెనీ ఇచ్చిన కానుక

మెదడుని మెదడులాగే చూసే అవకాశం 1971 అక్టోబరు 1న వచ్చింది. లండన్ శివార్లలోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఓ పేషెంటుకి సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రాన్ని రూపొందించిన ఇంజినీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పనిచేసింది, బీటిల్స్ బృందం పాటల రికార్డులు అమ్మిన ఈఎమ్ఐ కంపెనీలో! ఒకవైపునుంచి నీడ చూడటం కాకుండా, చుట్టూ తిరుగుతూ తీసిన ఎక్స్‌రేలను కంప్యూటరుతో కూర్చి తలని బ్రెడ్డుముక్కల్లా పొరలుపొరలుగా చూపించడం దాని గొప్పదనం. అందుకుగాను హౌన్స్‌ఫీల్డ్‌కీ, ఆ లెక్కల సిద్ధాంతాన్ని విడిగా రూపొందించిన అలన్ కార్మాక్‌కీ 1979లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఎమ్మారై వచ్చి మెత్తటి భాగాల్ని ఇంకా స్పష్టంగా చూపించింది. దానికి బాటవేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ 2003లో నోబెల్ అందుకున్నారు.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. కానీ అదింకా గోడమీదే ఉంది! దాన్ని మనిషితో కలపాలంటే మళ్లీ ఆ చట్రమే దిక్కు. దాన్ని తలకి మేకుల్లాంటి మరలతో బిగించాలి. అదే పెట్టుకుని స్కాన్‌కి వెళ్లాలి, అదే పెట్టుకుని ఆపరేషన్‌కి రావాలి. సూది దించడానికి బాగానే ఉంటుందికానీ, పుర్రె తెరిచి పెద్ద ఆపరేషన్ చేయాలంటే చట్రం చేతికి అడ్డం.

చట్రం పోయి చెవులొచ్చాయి

ఆ అడ్డు తొలగించాలని 1980ల్లో మూడు దేశాల్లో దాదాపు ఒకేసారి ప్రయత్నాలు జరిగాయి.

అమెరికాలోని డార్ట్‌మత్‌లో డాక్టర్ డేవిడ్ రాబర్ట్స్ బృందం శబ్దాన్ని నమ్ముకుంది. ఆపరేషన్ మైక్రోస్కోపుకి చిన్నచిన్న నిప్పురవ్వలు పుట్టించే పరికరాలు తగిలించారు. రవ్వ పుట్టినప్పుడల్లా వచ్చే శబ్దాన్ని గదిలోని మైకులు వింటాయి. ఏ మైకుకి ఎంతసేపట్లో చేరిందో లెక్కగట్టి మైక్రోస్కోపు ఎక్కడుందో కంప్యూటర్ చెబుతుంది. దాన్నిబట్టి స్కాన్‌లోని కణితి అంచుని మైక్రోస్కోపులోనే గీతగా చూపిస్తుంది. 1986లో ఈ వివరాలు వెలువడ్డాయి. జపాన్‌లో డాక్టర్ ఎయిజు వటనబె కీళ్లున్న ఇనప చెయ్యిని తయారుచేశారు. ఏ కీలు ఎంత వంగిందో కొలిచి మొన ఎక్కడుందో చెప్పే ఆ యంత్రానికి 1987లో 'న్యూరోనావిగేటర్' అని పేరుపెట్టారు. జర్మనీలోని ఆఖెన్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యులూ అలాంటి చెయ్యినే ముక్కు ఆపరేషన్లకి వాడారు.

వేటి ఇబ్బందులు వాటికున్నాయి. శబ్దవేగం గది వేడినిబట్టి మారుతుంది. ఇనప చెయ్యి బరువు, అడ్డం. అప్పుడే ఇంజినీర్లు చెవులకి బదులు కళ్లు పెడదామనుకున్నారు. 1990ల్లో అమెరికాలోని సెయింట్ లూయీ సర్జన్ రిచర్డ్ బుకోల్జ్ లాంటివారు కెమెరాతో పనిముట్లను వెంటాడే పద్ధతిని ఆపరేషన్ గదికి తెచ్చారు. కెనడాలోని వాటర్లూలో ఉన్న నార్తర్న్ డిజిటల్ కంపెనీ కెమెరాలు ఈ పనికి బాగా వాడుకలోకి వచ్చాయి.

రెండు కళ్లు... నాలుగు బంతులు

ఒక కన్ను మూసుకుని సూదిలోకి దారం ఎక్కించి చూడండి. రంధ్రం కనిపిస్తూనే ఉంటుంది, దారం మాత్రం ముందుకో వెనక్కో పోతుంది. దూరం తెలియాలంటే రెండు కళ్లూ కావాలి. ఆపరేషన్ గదిలో పేషెంటుకి కాస్త ఎత్తున నిలబెట్టే కెమెరాకీ రెండు కళ్లుంటాయి. అవి మన కంటికి కనపడని పరారుణ కాంతిని వెదజల్లుతాయి. పనిముట్టుకి తగిలించిన బంతులమీద రోడ్డుపక్క బోర్డుల్లాంటి మెరిసే పూత ఉంటుంది. హెడ్‌లైటు పడగానే బోర్డు మెరిసినట్టు, కాంతి పడగానే బంతులు మెరుస్తాయి. రెండు కళ్లలోనూ ఒక్కో బంతి ఎక్కడ కనిపించిందో చూసి, అది ఎంత దూరంలో ఏ దిక్కున ఉందో కంప్యూటర్ లెక్కేస్తుంది. సెకనుకి పదులసార్లు ఆ లెక్క జరుగుతూనే ఉంటుంది. ఒక్కో పనిముట్టుమీద బంతుల అమరిక ఒక్కోలా ఉంటుంది కాబట్టి, వచ్చింది పాయింటరా, సూదా అన్నది కూడా దానికి తెలిసిపోతుంది.

బంతులున్నది పిడిదగ్గర. మొన ఉన్నది తల లోపల. మరి మొన సంగతి ఎలా తెలుస్తుంది? పిడికీ మొనకీ మధ్య దూరం ముందే కొలిచి పెట్టుకుంటారు. పుల్ల వంగకుండా ఉన్నంతకాలం పిడి కనిపిస్తే మొన తెలిసినట్టే. అందుకే ఆ పాయింటర్‌ను పొరపాటున కిందపడేస్తే మళ్లీ సరిచూడకుండా వాడరు.

అసలు కిటుకు ఇంకోటుంది... బొమ్మనీ మనిషినీ కలపడం. కొన్ని ఆసుపత్రుల్లో స్కాన్‌కి ముందు తలమీద ఆరు నుంచి పది దాకా గుండ్రటి స్టిక్కర్లు అంటిస్తారు. స్కాన్‌లో అవి చుక్కల్లా కనిపిస్తాయి. ఆపరేషన్ బల్లమీద ఒక్కో స్టిక్కరునీ పాయింటర్‌తో తాకి 'బొమ్మలోని ఈ చుక్క ఇదే' అని కంప్యూటరుకి చూపిస్తారు. కొన్నిచోట్ల స్టిక్కర్లకి బదులు ముఖం వంపుల్నే లేజరుతో చదివిస్తారు. అక్కడితో గోడమీది బొమ్మ మనిషికి అతుక్కుంటుంది. తలని పట్టి ఉంచే బిగింపుకి మరో బంతుల గుత్తి తగిలిస్తారు. బల్ల కాస్త జరిగినా, కెమెరా కదిలినా లెక్క తప్పకుండా కాపాడేది అదే.

కెమెరా ఒక్కటే అయితే మిల్లీమీటరులో దాదాపు నాలుగోవంతు తేడాతో చెప్పగలదు. ఆపరేషన్‌లో మాత్రం రెండుమూడు మిల్లీమీటర్ల తేడా మామూలే. స్కాన్ పొరల మందం, చర్మంతోపాటు జరిగిన స్టిక్కరు, తాకేటప్పుడు చేసిన చిన్న పొరపాటు... అన్నీ కలిసి అంతవుతాయి. బంతిమీద రక్తపు చుక్క పడ్డా, కెమెరాకి ఎవరైనా అడ్డొచ్చినా బొమ్మ ఆగిపోతుంది. 'కొంచెం పక్కకి జరగండి సిస్టర్' అన్న మాట ఆ థియేటర్లలో తరచూ వినిపించేదే!

ముక్కు, వెన్ను, మోకాలు

కెమెరాకి కనపడని చోట్లకోసం అయస్కాంత పద్ధతి ఉంది. పేషెంటు తలదగ్గర బలహీనమైన అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తారు. పనిముట్టు కొసలో సన్నటి తీగచుట్ట ఉంటుంది. క్షేత్రంలో అది ఎక్కడుంటే దాన్నిబట్టి అందులో పుట్టే విద్యుత్తు మారుతుంది. యుద్ధవిమానంలో పైలట్ తల ఎటు తిప్పాడో తెలుసుకోవడానికీ ఇదే సూత్రాన్ని వాడారు. ఎవరు అడ్డొచ్చినా దీనికి ఫర్వాలేదు, దగ్గర్లో పెద్ద ఇనప వస్తువుంటేనే లెక్క తప్పుతుంది.

సైనస్ ఆపరేషన్లలో ఇది బాగా అక్కరకొస్తుంది. ముక్కుపక్క గదులకీ కంటికీ మధ్య ఉండే ఎముక ఎంత పల్చనంటే, దాని లాటిన్ పేరుకి అర్థమే 'కాగితంలాంటి పొర' అని. పైన ఉన్న మరో పల్చటి ఎముక దాటితే మెదడే. అదివరకే ఆపరేషనై గుర్తులన్నీ చెదిరిపోయిన ముక్కులోకి మళ్లీ వెళ్లాల్సివస్తే తెరమీది ఆ రెండు గీతలే ధైర్యం.

వెన్నెముకకి మరలు బిగించేటప్పుడూ అంతే. మర వెళ్లాల్సిన దారి సన్నటి ఎముక గొట్టం. దాని పక్కనే వెన్నుపాము. మోకాలి మార్పిడిలో 1997 నుంచీ నావిగేషన్ వాడుతున్నారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ వైద్యులు దానికి ఆద్యులు. తొడ ఎముకకీ కాలి ఎముకకీ బంతులు తగిలించి కాలిని గుండ్రంగా తిప్పితే, తుంటి కీలు కేంద్రం ఎక్కడుందో కంప్యూటరే లెక్కేసుకుని ఎముకని ఏ కోణంలో కోయాలో చూపిస్తుంది. దానికి ముందుగా స్కాన్ కూడా అక్కర్లేదు.

ఎముక అయితే నమ్మకంగా ఉంటుంది. నిన్న స్కాన్‌లో ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. మెదడు అలా కాదు. అసలు పేచీ అక్కడే.

కొబ్బరికాయ కొడితే...

పుర్రెలో మెదడు ఓ ద్రవంలో తేలుతూ ఉంటుంది. కొబ్బరికాయ కొడితే నీళ్లు కారిపోయినట్టు, పుర్రె తెరిచి పైపొర కోయగానే ఆ ద్రవంలో కొంత బయటికొచ్చేస్తుంది. ఆసరా తగ్గిన మెదడు జున్నుముక్కలా కాస్త కిందికి జారుతుంది. వాపు తగ్గించే మందులకి కుంచించుకుపోతుంది. కణితిలో కొంత తీసేశాక ఆ ఖాళీలోకి పక్కనున్న భాగం ఒరుగుతుంది. ఇదంతా కలిసి ఒక్కోసారి సెంటీమీటరు దాకా ఉండొచ్చు.

తెరమీది బొమ్మ మాత్రం నిన్నటిదే. అందులో మెదడు జరగలేదు! ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ వెళ్తుంటే, మ్యాప్ తిన్నగా పొమ్మంటుంది, ఎదురుగా చూస్తే రోడ్డు తవ్వేసి ఉంటుంది. డ్రైవరైతే బ్రేకువేసి నవ్వుకుంటాడు. ఇక్కడ బ్రేకు వేయాల్సింది మాటకి రెండు మిల్లీమీటర్ల అవతల. పైగా యంత్రం తప్పు చెబుతున్నప్పుడు కూడా బొమ్మ అంతే స్పష్టంగా, గీతలు అంతే నమ్మకంగా కనిపిస్తాయి. ఈ టెక్నాలజీలో అన్నిటికన్నా జాగ్రత్తపడాల్సింది అదే.

ఎంత పనికొస్తుందో పరీక్షించినవాళ్లూ ఉన్నారు. నెదర్లాండ్స్ వైద్యులు 45 మంది పేషెంట్లను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి నావిగేషన్‌తో, మరో వర్గానికి అది లేకుండా మెదడు కణితుల ఆపరేషన్లు చేశారు. తీయగలిగిన కణితి పరిమాణంలో రెండు వర్గాలకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2006లో ప్రకటించారు. చిన్న అధ్యయనమే అయినా, యంత్రం ఉన్నంతమాత్రాన అంతా అయిపోదని అది గుర్తుచేసింది.

గారెల మధ్యన ఆపరేషన్

బొమ్మ పాతబడితే కొత్తది తీస్తే సరి! చెప్పడం తేలికే. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం. పేషెంటు అందులో ఉంటే సర్జన్ ఎక్కడ నిలబడాలి? అమెరికాలోని బోస్టన్‌లో, బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో హంగరీలో పుట్టిన రేడియాలజిస్టు ఫెరెంక్ జోలెస్ బృందం 1994లో దానికి జవాబు కనుక్కుంది. రెండు గారెలు నిలబెట్టి మధ్యలో కాస్త సందు వదిలితే ఎలా ఉంటుందో అలాంటి యంత్రాన్ని జీఈ కంపెనీతో కలిసి తయారుచేశారు. పేషెంటు గారెల చిల్లుల్లోంచి పడుకుంటే సర్జన్ ఆ సందులో నిలబడి ఆపరేషన్ చేసేవారు. అయస్కాంతానికి అతుక్కోని పనిముట్లే వాడేవారు. తర్వాతి కాలంలో మామూలు ఎమ్మారైని థియేటర్ పక్కన పెట్టి, మధ్యలో ఆపి స్కాన్ తీసే పద్ధతులొచ్చాయి.

ఫలితం కనిపించింది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యులు 2011లో వెల్లడించిన అధ్యయనంలో, ఆపరేషన్ మధ్యలో ఎమ్మారై తీసిన 24 మందిలో 23 మందికి స్కాన్‌లో కనిపించే కణితి పూర్తిగా పోయింది. మామూలు పద్ధతిలో చేసిన 25 మందిలో 17 మందికే అలా జరిగింది. ఆపరేషన్ తర్వాత కొత్తగా వచ్చిన ఇబ్బందుల్లో మాత్రం రెండు వర్గాలకీ పెద్ద తేడా లేదు. 45 మందితో చేసిన ఆ మొదటి పరీక్షనీ దీన్నీ ఒకే తక్కెడలో తూచలేం. కానీ రెంటినీ చదివినవారికి ఒక సంగతి అర్థమవుతుంది. బొమ్మ ఉండటం కాదు, ఇప్పటి బొమ్మ ఉండటం ముఖ్యం.

అలాంటి ఎమ్మారై అన్ని ఆసుపత్రులకీ సాధ్యం కాదు. అందుకే వేరే దారులూ ఉన్నాయి. గర్భిణులకి వాడే అల్ట్రాసౌండ్‌నే మెదడుమీద ఆనించి ఎప్పటికప్పుడు చూసుకోవచ్చు. ఆపరేషన్‌కి ముందు ఓ మందు తాగిస్తే కొన్నిరకాల కణితులు నీలికాంతిలో గులాబిరంగులో మెరుస్తాయి. ఈ పద్ధతిలో 65 శాతం మందికి కణితి పూర్తిగా తీయగలిగితే, మామూలు వెలుతురులో అది 36 శాతమేనని 2006లో జర్మనీ పరిశోధన తేల్చింది.

బాహుబలి చూస్తూ

ఇవన్నీ మెదడులో ఏది ఎక్కడుందో చెప్పేవే. అది ఏ పని చేస్తోందో చెప్పగలిగినవారు ఒక్కరే ఉన్నారు... బల్లమీద ఉన్న పేషెంటు! మెదడుకి నొప్పి తెలీదు. తలపైన చర్మానికి మత్తిచ్చి, మనిషిని మెలకువగా ఉంచి ఆపరేషన్ చేయొచ్చు. కెనడాలోని మాంట్రియల్‌లో డాక్టర్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1930ల్లోనే ఇలా మాట, కదలికల పటం గీశారు. 2017లో గుంటూరులో ఓ పేషెంటు 'బాహుబలి-2' సినిమా చూస్తుండగా డాక్టర్లు మెదడు ఆపరేషన్ చేయడం పెద్దవార్తయింది. అది సరదాకోసం చేసింది కాదు. పేషెంటు భయపడకుండా, మెలకువగా ఉండాలి. మాట్లాడించినప్పుడు మాట్లాడాలి. మాట తడబడిందా... చెయ్యి ఆగాలి. ఏ కెమెరా కూడా చెప్పలేని హద్దది.

ఇంటివాళ్లు అడగాల్సినవి

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అవసరమైతే 'మీ దగ్గర నావిగేషన్ ఉందా?' అని అడిగి ఊరుకోవద్దు. కణితి ఏ భాగానికి దగ్గరగా ఉంది? మొత్తం తీస్తారా, కొంత వదిలేయాల్సివస్తుందా? మధ్యలో మెదడు జరిగితే ఎలా సరిచూసుకుంటారు? మెలకువగా ఉంచి చేయాల్సిన అవసరం ఉందా? ఇవి అడగండి. అడిగినందుకు ఏ మంచి డాక్టరూ నొచ్చుకోరు. ముందురోజు తలకి స్టిక్కర్లు అంటిస్తే వాటిని గోకకుండా, దువ్వెన తగలకుండా, దిండుకి రుద్దుకోకుండా చూసుకోవాల్సింది ఇంటివాళ్లే. ఒకటి ఊడితే తిరిగి అంటించేయకుండా నర్సుకి చెప్పాలి. అది చిన్న కాగితం ముక్కలాగే కనిపిస్తుందికానీ, రేపు ఆ కంప్యూటరుకి తల ఎక్కడుందో చెప్పేది అదే.

థియేటర్లో ఆపరేషన్ సగంలో ఉంది. సర్జన్ కత్తి పక్కనపెట్టి మళ్లీ ఆ పుల్ల అందుకుంటారు. ఈసారి ముక్కుమీద కాదు, తెరిచిన పుర్రె అంచున ముందే గుర్తుపెట్టుకున్న చోట ఆనిస్తారు. తెరవంక చూస్తారు. సరిపోయింది. అంటే ఎముక కదల్లేదన్నమాట. తర్వాత లోపల మెదడుమీదున్న రక్తనాళం మలుపు దగ్గర ఆనిస్తారు. తెరమీద గీతలు కాస్త పక్కన కలుస్తాయి. ఎముక ఉన్నచోటే ఉంది, మెదడు మాత్రం జరిగింది.

ఇక అక్కణ్నుంచి తెరని కొంచెం తక్కువ నమ్మి, కళ్లనీ చేతినీ కొంచెం ఎక్కువ నమ్మి సర్జన్ మళ్లీ నెమ్మదిగా పని మొదలుపెడతారు. బయట బెంచీమీద కూర్చున్నవాళ్లకి కావాల్సిన జవాబు సిద్ధమయ్యేది ఆ నెమ్మదిలోనే.